ఇడ్లీకో బోల్టు

ఆ పొద్దున దయాసాగర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటిలోగా ఇడ్లీ పాత్ర డ్రాయింగు ముగించాలి, భార్య సుసన్నాను తీసుకుని మంచిర్యాల బస్సెక్కాలి, పిల్లనిచ్చిన మామకు ఒక మంచి శాలువా కొనాలి. మామ యేసుదానం గోదావరిఖని బొగ్గుబాయి క్యాంటీనులో వంటమేస్త్రి. తండ్రులకూ, వాళ్ల కొడుకులకూ ఇడ్లీలు పెట్టిన చెయ్యి. మర్నాడే ఆయన రిటైరవుతున్నాడు. కొత్త పాత్రలో ఒక్క వాయి దించి, పేరు నిలబెట్టుకుని పోవాలని ఆయన ఆశ.

ఆ పాత్ర తయారుచేసే పని ముష్తాక్ సేఠ్ వర్క్‌షాపుకు వచ్చింది. దయాసాగర్ అక్కడే డ్రాఫ్ట్స్‌మన్. పెళ్లయిన నాటి నుంచీ మామ అతన్ని పేరుపెట్టి పిలిచింది తక్కువ, "డబ్బా ముందర కూసునే అల్లుడు" అన్నది ఎక్కువ. పాత్ర బాగా కుదిరితే ఆ పేరు పోతుంది. కుదరకపోతే మామ ఆఖరి రోజూ, అల్లుడి పరువూ ఒకే ఆవిరిలో ఉడుకుతాయి.

ఆ డబ్బా అంటే కంప్యూటరు. అవి దానికి మనుషులు భయపడిన రోజులు. సేఠ్ దానికోసం వేరే గది కట్టించాడు, కూలర్ పెట్టించాడు. బొగ్గు దుమ్ము సోకకుండా ఆయన భార్య సుగ్రా బీ పూల గలీబు కుట్టి తొడిగింది. చెప్పులు బయట విడవాల్సిందే. దోమలు కూడా కాళ్లు తుడుచుకునే లోపలికి వెళ్లేవని షాపులో చెప్పుకునేవారు. కంప్యూటరు కాగితం లేకుండా ఒక్క నట్టు తిరగరాదన్నది సేఠ్ ఆజ్ఞ.

పాత్ర, ప్లేట్లు, స్టాండు అన్నీ తయారయ్యాయి. ఏ బోల్టు ఎక్కడ బిగించాలో చూపే డ్రాయింగు ఒక్కటే మిగిలింది. తెర మీద ఒక్కో రంధ్రానికీ బోల్టు, వాషరు, నట్టు తెచ్చి కూర్చడమంటే వేళ్లు అరిగిపోయే పని. అందుకని దయాసాగర్ నెల్లాళ్లు తంటాలుపడి ఒక మాక్రో రాశాడు. పని వరసంతా ఒకసారి నేర్పిపెడితే, మీట నొక్కగానే కంప్యూటరు దాన్ని తనంతట తానే చేసుకుపోయే కిటుకు అది. అతను నేర్పిన పాఠం ఇంతే: గుండ్రటి రంధ్రం కనబడితే బోల్టు పెట్టు. స్టాండు కాళ్లకున్న రంధ్రాలు గుండ్రమే. ఒక్కో ఇడ్లీ గుంట నడిమధ్యన ఆవిరికోసం పెట్టిన రంధ్రాలూ గుండ్రమేనన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు.

మీట నొక్కాడు. ప్రింటరు కీచుమంటూ కాగితం కక్కుతుండగా గుమ్మంలోంచి సుసన్నా కేక వేసింది.

"ఏందయ్యా, వస్తవా, నన్నే పొమ్మంటవా? నువ్వు చూసినట్టు నీ డబ్బాను చూసుకుంట బస్సు నిలవడతదా?"

"అయిపాయె, వస్తున్న!"

దయాసాగర్ మాక్రో ఉన్న ఒకే ఒక్క ఫ్లాపీ డిస్కును జేబులో వేసుకుని, కాగితం వంక చూడకుండానే ఫోర్‌మన్ ఎల్లేశం చేతిలో పెట్టాడు. "ఎల్లేశమన్నా, రేపు పొద్దుగాల షిఫ్టుకు పాత్ర క్యాంటీన్ల ఉండాలె. కాగితంల ఎట్లుంటె అట్ల చెయ్యి. నీ తెలివి వాడకు."

ఆ చివరి మాటకు కారణం ఉంది. అంతకుముందు ఎల్లేశం తెలివి వాడి ఒక గేటుకు మడతబందు ఒకటి తగ్గిస్తే, అది పోయి సేఠ్ స్కూటరు మీద పడింది.

కాగితం విప్పిన ఎల్లేశం సేఠ్ దగ్గరికి నడిచాడు. "సేఠ్, ఇడ్లీ గుంట గుంటకు బోల్టు చూపెట్టిండు. నాకు సమజ్ అయితలేదు."

సేఠ్ కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. "అరే, ఓపెన్‌కాస్ట్‌ల బొగ్గు పేల్చే బ్లాస్టింగ్ అయితె మా ఇంట్ల చాయ్ కప్పులు అల్మారీలకెళ్లి దుంకుతయ్. ఇడ్లీలు దుంకవా? పట్టి ఉంచనీకె పెట్టిండు."

"బ్లాస్టింగ్ అయ్యేది పగటీలి. ఇడ్లీ వండేది పొద్దుగాల గద సేఠ్!"

"నీకు ఎక్కువ తెలుసా, కంప్యూటర్‌కు ఎక్కువ తెలుసా? ఫికర్ చెయ్యకు. జల్ది బిగించు."

ఎల్లేశం బోల్టులన్నిటినీ చింతపండు నీళ్లలో తోమి మరీ బిగించాడు. షాపులోవి చాలక బజారంతా ఊడ్చుకొచ్చాడు. ఆ వారమంతా గోదావరిఖనిలో సైకిళ్ల మడ్గార్డులు సుతిలీ తాడు మీదే నడిచాయట. నమ్మనివాళ్లను బలవంతపెట్టలేం కానీ, సుతిలీ అమ్మినవాడు మాత్రం మిద్దె వేశాడు.

మర్నాడు పొద్దున దయాసాగర్ శాలువా చంకలో పెట్టుకుని క్యాంటీనులో అడుగుపెట్టేసరికి, యేసుదానం పిండి గరిటె గాలిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అల్లుడా! ఇది ఇడ్లీ పాత్రనా, రైలింజనా? పిండి ఏడ పొయ్యాలె?"

దయాసాగర్ తొంగిచూశాడు. ప్రతి గుంటలోంచీ ఒక బోల్టు నిటారుగా నిలబడి అతన్నే చూస్తోంది. కారుతున్న పాత పాత్రను మామ నిన్ననే తుక్కుకు పంపించాడు. విప్పుదామంటే పానా లేదు. టోపీలూ, దీపాలూ పెట్టుకున్న బాయి కార్మికుల వరస గుమ్మం దాటి రోడ్డెక్కింది.

"కొత్త మోడల్, మామా," అంది అతని నోరు, అతన్ని అడగకుండానే.

"కాకా, సైరన్ కొడుతది! పెడుతవా, పస్తులతోని బాయిల దింపుతవా?" అని వరస ముందున్న బిక్షం అరిచాడు.

యేసుదానం ప్రభువును తలుచుకుని బోల్టుల చుట్టూ పిండి పోశాడు. అందరి కళ్లూ పాత్ర మీద ఉండగా దయాసాగర్ వంగి, జేబులోని ఫ్లాపీని పొయ్యిలోకి జారవిడిచాడు. తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తే సాక్ష్యం ఉండకూడదు.

మూత లేచింది. ప్రతి ఇడ్లీకీ నడిమధ్యన ఒక గుండ్రటి గుంత. బిక్షం గుంతలో సాంబారు పోయించుకుని కొరికాడు. వాడి కళ్లు పెద్దవయ్యాయి.

"కాకా! సాంబారు పక్కకు పోతలేదే! ఇడ్లీల బాయి తవ్వినవ్ గదనే!"

ఇక ఆగలేదు. తిన్నవాళ్లే టోపీ మార్చుకుని మళ్లీ వరసలోకి వచ్చారు. యేసుదానం ఒక ఇడ్లీ విరిచి, వేలితో నొక్కి చూసి, గరిటె కింద పెట్టాడు. "ఇన్నేండ్లు నడుమ పచ్చిగ ఉంటదని తిట్లు తిన్న. ఇనుము కాగి నడుమ గూడ ఉడికింది, చూసినవా!" శాలువా కప్పబోయిన అల్లుడి చేతిలోంచి దాన్ని లాక్కుని అతనికే కప్పాడు. "దయాసాగర్, నీ డబ్బాను ఊకెనే తిట్టిన." పేరుపెట్టి పిలిచాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు. పొగ అని ఇద్దరూ చెప్పుకున్నారు.

ఇప్పుడా క్యాంటీను లేదు, ఆ వరసా లేదు. ఆ వారం మాత్రం బెల్లంపల్లి నుంచి కొత్తగూడెం దాకా క్యాంటీన్లన్నీ బోల్టు పాత్రలే కావాలన్నాయి. ఒక్కోదానిది ఒక్కో కొలత.

"సాగర్, ఆ మీట ఇంకోసారి నొక్కు," అన్నాడు సేఠ్.

మీట ఉంది, మాక్రో బూడిదైంది. మళ్లీ రాద్దామంటే నెల పడుతుంది, సేఠ్‌కు నాలుగు రోజుల ఓపిక కూడా లేదు. దయాసాగర్ బోల్టు, వాషరు, నట్టు ఒక్కొక్కటే చేత్తో పెడుతూ కూర్చున్నాడు. యేసుదానం రోజూ వచ్చి, చెప్పులు బయట విడిచి, పక్కన కుర్చీ వేసుకుని, "గా మూల గుంటకు బోల్టు మరిచినవ్ దయాసాగర్," అని చూపించేవాడు.

రిటైరైనంక ఇంత మంచి డ్యూటీ దొరుకుతుందనుకోలేదని ఆయన సుసన్నాతో అన్నాడట.