ఎనిమిది మణుగుల లఘ్వాహారం

రాజధాని కర్నూలుకు వచ్చిన మరుసటి ఏడు పుష్యమాసంలో ఒక ఉదయం, కడపలో బట్టల అంగడి నడుపుకునే రామకోటయ్య శెట్టి ఆ రోజుకు మూడే పనులు పెట్టుకున్నాడు. తినడం, అంగట్లో పరుపు మీద కూర్చోవడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి మళ్ళీ తినడం. మొదటి పని సగంలో ఉండగా గుడికి పోయిన తల్లి రాజ్యలక్ష్మమ్మ తిరిగొచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఒరేయ్ కోటా, శివరాత్రి ముందర సోమవారం దినం శానా బాగుండాదంట. అయ్యవారిని అడిగే వచ్చినా. ఇంకా యాభై దినాలుండాది. ఈసారన్నా మహానందికి పోయి ఆ తులాభారం ఇచ్చి రావల్ల."

శెట్టి చేతిలోని నెయ్యి ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆ మొక్కు ఇరవై రెండేళ్ళ నాటిది. శెట్టికి పద్దెనిమిదో ఏట విషజ్వరం వచ్చి, ఇక లాభం లేదని వైద్యుడు లేచిపోతే, పిల్లవాడు బతికితే వాడి బరువుకు బరువు బెల్లం సమర్పిస్తానని తల్లి మహానందీశ్వరుడికి మొక్కుకుంది. పిల్లవాడు బతికాడు. అప్పుడే పోయి ఉంటే నాలుగు మణుగులతో తీరిపోయేది. కానీ ముందు పెళ్ళి అడ్డమొచ్చింది, తరువాత అంగడి, ఆ తరువాత యుద్ధం. ఇవేవీ లేని ఏడు శెట్టికి సరిగ్గా మాఘమాసంలో నడుము పట్టుకునేది.

అసలు కారణం శెట్టి ఒక్కడికే తెలుసు. ఆరేళ్ళ కిందట మహానందిలోనే ఒక బియ్యం మిల్లు యజమాని తులాభారం తూగడం అతను కళ్ళారా చూశాడు. ఐదు బుట్టల బెల్లం పోసినా ఆ మనిషి కూర్చున్న తట్ట నేల వదల్లేదు. "ఇంకో బుట్ట! ఇంకో బుట్ట!" అని జనం పడీపడీ నవ్వారు. ఆ కేక మొట్టమొదట వేసినవాడు రామకోటయ్య శెట్టే.

"ఇప్పుడేం తొందరమ్మా, అంగట్లో పనుండాది" అని గొణిగాడు.

"నాకు డెబ్బై నిండినాయి నాయనా. దేవునికి మాటిచ్చి తప్పినదాన్నని పైకి పోవల్లనా? పండుకుంటే రొమ్ము మీద రాయి పెట్టినట్లుంటాది నాకు" అంది తల్లి. శెట్టి ఆమె కళ్ళల్లోకి చూడలేక సరేనన్నాడు.

ఆ రోజే ఆసుపత్రిలో కాంపౌండరు ఏసన్న దగ్గరికి దొంగచాటుగా వెళ్ళి తూకం చూపించుకున్నాడు. రెండు వందల పౌన్లు, అంటే నిఖార్సుగా ఎనిమిది మణుగులు. "పొద్దున్నే లేసి దేవుని కడప దాకా నడిచి రాండి శెట్టిగారూ. రెండు మైళ్ళే గదా. నెయ్యి తగ్గీండి" అన్నాడు ఏసన్న. "నేను వచ్చినట్లు ఎవురికీ చెప్పాకప్పా" అని ఒట్టు వేయించుకుని శెట్టి బయటపడ్డాడు. మర్నాడు నిజంగానే నడక మొదలుపెట్టి, వీధి మలుపు దాకా పోయి, అక్కడ జట్కా కనిపిస్తే ఎక్కి ఇంటికి వచ్చాడు.

అలాంటి సమయంలో వారపత్రికలో ఒక ప్రకటన అతని కంటపడింది. మద్రాసులో తయారైన పొడి, పేరు 'లఘ్వాహారం'. 'పాలలో కలిపిన ఒక గ్లాసు ఒక భోజనంతో సమానం. నడవలేనివారికి, లేవలేనివారికి ప్రత్యేకం. ఉన్నచోటనే ఉండి సేవించవచ్చును.'

శెట్టికి ప్రాణం లేచొచ్చింది. నడవలేనివారు అంటే తనే. లేవలేనివారు అన్నా తనే. ఇక లఘ్వాహారం అంటే తిన్నవాణ్ణి లఘువు చేసేదని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. అన్నం మానేసి గ్లాసు తాగితే నలభై రోజుల్లో మల్లెతీగ అయిపోవచ్చు, ఒక్క అడుగు నడవనక్కరలేదు. ఆ పూటే మద్రాసుకు కార్డు రాసి ఆరు డబ్బాలు తెప్పించి, అంగట్లో తానుల వెనక దాచాడు.

ఉత్త పాలలో పొడి మట్టి వాసన వేసింది. అందుకని చిక్కటి ఎనుము పాలు తెప్పించాడు. రుచి రాలేదని బెల్లం కలిపాడు. గ్లాసు చాలడం లేదని చెంబు పెట్టాడు. పూటకొక చెంబు, రోజుకు మూడు. అన్నం మాత్రం మెతుకు ముట్టలేదు. ఆ నిష్ఠకు తనకే ముచ్చటేసింది.

ఇంట్లో మాత్రం మిన్ను విరిగి మీద పడ్డట్టయింది. "ఏం నాయనా, సంగటి వద్దంటాండావు, ఓళిగలు వద్దంటాండావు, ఒంట్లో ఎట్లుండాది?" అని తల్లి అడిగితే "ఆకలి లేదమ్మా" అనేవాడు. నాలుగో రోజు అతని భార్య అనసూయమ్మ అంగట్లో తానుల మధ్య చీర రంగు వెతుకుతుంటే డబ్బా చేతికి తగిలింది. ఇంగ్లీషు అక్షరాలు చదవలేక, కొంగు చాటున పెట్టుకుని ఏసన్న దగ్గరికి తీసుకుపోయింది.

ఏసన్న అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది పెద్ద రోగమొచ్చి మంచాన పడినోళ్ళకిచ్చేది గదమ్మా. అన్నం సహించకపోతే ఇస్తారు. ఎవురికి?"

"మా ఆయన తాగుతాండాడు" అంది అనసూయమ్మ ఏడుపు గొంతుతో. "నీ దగ్గరికి గాని వచ్చినాడా అన్నా? ఏమన్యాడు?"

ఏసన్న ఒట్టు వేసిన మనిషి. "వచ్చినాడో లేదో నేను చెప్పకూడదమ్మా. ఎవురికీ చెప్పొద్దని ఆయన మరీమరీ చెప్పినాడు" అన్నాడు.

ఇంతకంటే రుజువు ఏం కావాలి? కోడలు ఇంటికొచ్చి అత్త ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. మనం దిగులు పడతామని దాచిపెట్టుకున్నాడు, మనకు తెలిసినట్టు కనపడకూడదు అని ఇద్దరూ కూడబలుక్కున్నారు. మొక్కు ఆలస్యం చేసినందుకే దేవుడు అలిగాడని రాజ్యలక్ష్మమ్మ తేల్చింది. ఆ రోజు నుంచి తులాభారం దాకా ఒక్కపొద్దు పట్టి, పగలు ఒక పూట మాత్రం పిడికెడు మెతుకులు తిని ఊరుకునేది. అనసూయమ్మ తన భర్త నంద్యాల నుంచి మహానందికి చెప్పుల్లేకుండా నడిచి వస్తాడని మొక్కుకుంది. కబురు తెలిసి కమలాపురం నుంచి పరుగెత్తుకొచ్చిన ఆమె తమ్ముడు పెంచలయ్య, తానేం తక్కువా అని, బావ తలనీలాలు ఇస్తాడని మొక్కుకున్నాడు. బావకు తన క్రాపంటే ఎంత ప్రాణమో పెంచలయ్యకు బాగా తెలుసు. చిన్నా చితకా మొక్కైతే దేవుడు పట్టించుకోడని అతని అభిప్రాయం.

పుకారు బజారుకు పాకింది. అంగడికి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, గజం బట్టకు గంట బేరమాడే ముసలమ్మలు కూడా చెప్పిన ధరకు తీసుకుని నమస్కారం పెట్టి పోతున్నారు. సన్నబడేసరికి ముఖంలో కళ వచ్చిందని శెట్టి మురిసిపోయాడు. చొక్కా గుండీలు పట్టకపోతే, "ఈ మిల్లు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతాది" అని మిల్లును తిట్టాడు. ఆ చొక్కా చూసి అనసూయమ్మ వంటింట్లోకి పోయి కళ్ళొత్తుకుంది. "మెతుకు తినడు, ఒళ్ళు చూస్తే ఉబ్బుతాండాది. నీరు పట్టింది అత్తా!"

ముహూర్తం రానే వచ్చింది. ఎనిమిది మణుగుల బెల్లం ముందే మహానందికి చేరింది. ఆ లెక్క ఇచ్చింది శెట్టే, 'పాత అంచనా, మిగిలితే మిగులుతాది' అని లోపల్లోపల నవ్వుకుంటూ. బస్సు నంద్యాలలో ఆగగానే అనసూయమ్మ అతని చెప్పులు తీసి సంచిలో పెట్టింది.

"చెప్పులెందుకు తీస్తాండావు?"

"ఈడి నుంచి మీరు నడిచి వస్తారని మొక్కుకున్యా."

"నేనా? పది మైళ్ళు! నన్నడగల్ల గదా!"

"అడిగి మొక్కుకుంటారా ఎవురన్నా?" అన్నాడు పెంచలయ్య. "నాది తలనీలాలు బావా. గుడి కాడ చెబుదామనుకుంటి."

శెట్టి తల్లి వైపు చూశాడు. ఎద్దులబండిలో కూర్చున్న ఆమె ముఖం చిక్కి గుప్పెడంత అయింది. ఎండకు అలా ఉందనుకున్నాడు. నడక మొదలుపెట్టాడు. మొదటి మైలు చొక్కా గుడ్డ నేసిన మిల్లును తిట్టాడు, రెండో మైలు పెంచలయ్యను, మూడో మైలు నుంచి తిట్టడానికి ఊపిరి చాలలేదు. బండి పక్కనే పోతుంటే రాజ్యలక్ష్మమ్మ ప్రతి మైలురాయి దగ్గరా తొంగి చూసి, కొడుకు ఇంకా నడుస్తున్నాడని దండం పెట్టుకుంది. నీరు పట్టినవాడు ఇంత దూరం నడవగలడా అని ఆమెకు ఆశ మొదలైంది.

కోనేట్లో మునిగి, క్రాపు పోగొట్టుకుని, నున్నటి గుండుతో శెట్టి తట్టలో కూర్చున్నాడు. రెండో తట్టలోకి బెల్లం దిమ్మెలు ఎక్కాయి. నాలుగు మణుగులు, ఆరు, ఎనిమిది. తెచ్చిన బెల్లం అయిపోయింది. శెట్టి తట్ట నేల మీదే ఉంది.

తన తూకం ఎనిమిదికి లోపలే తేలాలి గదా? నలభై రోజులు ఏమయ్యాయి? చుట్టూ శివరాత్రికి ముందే వచ్చిన జనం. ఎవరో అరిచారు: "ఇంకో బుట్ట!"

శెట్టి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. నవ్వు కోసం ఎదురుచూశాడు. నవ్వు రాలేదు. తల్లి గొంతు వినిపించింది.

"ఇంకా ఎయ్యల్లనా? నా కొడుకు ఇంకా బరువుండాడా?" ఆమె జనం వైపు తిరిగింది. "నలభై దినాలు అన్నం ముట్టల్యా తల్లీ వీడు! మంచాన పడినోళ్ళకిచ్చే పొడి తాగి బతికినాడు. నా బిడ్డ లోపల్లోపల కరిగిపోతాండాడని రోజూ సస్తాంటి. చూడండి, తగ్గల్యా! ఇంకా పెరిగినాడు!"

"హర హర మహాదేవ!" అని మండపం దద్దరిల్లింది. నలభై రోజులు అన్నం లేకుండా బరువు పెరిగిన మనిషిని వాళ్ళెవరూ ఎన్నడూ చూడలేదు. ఎవరి నైవేద్యానికి తెచ్చుకున్న బెల్లం వాళ్ళు తట్టలో వేశారు. ఒకావిడ తన బిడ్డను ఎత్తుకొచ్చి శెట్టి గుండు ముట్టించింది.

మంచాన పడినోళ్ళ పొడి అనే మాట చెవిన పడగానే శెట్టికి అంతా అర్థమైంది. బేరమాడని ముసలమ్మలు, బిగిసిన చొక్కా, పది మైళ్ళు, పోయిన క్రాపు, అన్నీ ఒకదాని వెంట ఒకటి తెలిసొచ్చాయి. నోరు తెరిచి అసలు సంగతి చెప్పబోయాడు. తల్లి ముఖం చూసి, ఆ మాటను మింగేశాడు. నలభై రోజుల్లో అతను పాలు లేకుండా మింగింది అదొక్కటే.

ఎనిమిది మణుగుల ఐదు వీశెల దగ్గర తట్ట నేల వదిలింది.

శెట్టి దిగి రాగానే రాజ్యలక్ష్మమ్మ అతని గుండు నిమిరి మెట్ల మీద కూలబడింది. "దిగిపాయ నాయనా. ఇరవై రెండేండ్ల బరువు దిగిపాయ. ఇంత తిండి పెట్టండే, ఆకలయితాండాది నాకు!" అంది. అనసూయమ్మ పులిహోర తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. తల్లి ముద్ద కలుపుతుంటే ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారాయి. అవి జారడం శెట్టి అప్పుడే చూశాడు. ఒక్కపొద్దు సంగతి భార్య చెవిలో చెప్పింది. అతను తన విస్తట్లో ముద్ద తీసి తల్లి విస్తట్లో వేశాడు. పగలబడి నవ్వుతారనుకున్న చోట ఒక్కడూ నవ్వలేదన్న హాయి, తల్లి ఆకలని అడిగిందన్న హాయి, రెండూ కలిసి అతనికి పాదాల బొబ్బల నొప్పి కూడా తెలియనివ్వలేదు.

మిగిలిన రెండు డబ్బాలూ అతను ఏసన్నకు ఇచ్చేశాడు. లఘ్వాహారం వల్ల ఆ ఇంట్లో బరువు తగ్గింది దాన్ని చుక్కైనా తాగని రాజ్యలక్ష్మమ్మ ఒక్కతే.