ఐదొందల కెపాసిటీ గల సైన్సు

పల్నాడులో ఇక సైన్సుకు కొదవ ఉండబోదని మంత్రి తిరుపతిరావుగారు గురజాల సభలో ప్రకటించారు. వెనకబడిన దేశాల యూనివర్సిటీల్లో పరిశోధన, బోధన బలపడాలని ఒక విదేశీ విశ్వవిద్యాలయం గ్రాంటు ఇస్తోందనీ, అది మన పీజీ సెంటరుకే వచ్చిందనీ, ఉత్తరంలో 'కెపాసిటీ బిల్డింగ్' అని స్పష్టంగా రాసి ఉందనీ చెప్పి, "ఆ బిల్డింగు ఆర్నెల్లలో కట్టి చూపిస్తా!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టనివాళ్ళు సెల్‌ఫోన్లు పట్టుకుని ఉన్నారు గనక కొట్టలేకపోయారు.

ఆ గ్రాంటుకు దరఖాస్తు రాసింది డాక్టర్ ఆరోగ్యమ్మ. రెంటచింతల మనిషి. పీజీ సెంటర్లో తొమ్మిదేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్న కాంట్రాక్టు లెక్చరరు. రేకుల షెడ్డులో ఉన్న ల్యాబులో, ఒకే ఒక్క ఫ్లోరైడ్ మీటరుతో, ఎనిమిదిమంది ఎమ్మెస్సీ విద్యార్థుల్ని వెంటేసుకుని చుట్టుపక్కల ఊళ్ళ బోరునీళ్ళు పరీక్షిస్తోంది. ఏ నీళ్ళు తాగితే పిల్లల పళ్ళు గారపట్టి పెద్దల మోకాళ్ళు బిగుసుకుపోతాయో, ఏవి తాగొచ్చో ఊరివాళ్ళకు చెబుతోంది. పద్దెనిమిది ఊళ్ళలో పదకొండు పూర్తయ్యాయి. మిగతా ఏడింటికి కెమికల్సు చాలవు. దరఖాస్తు అందుకు.

ప్రకటన విని ఆవిడ డైరెక్టర్ హరికృష్ణగారి గదికి పరుగెత్తింది. ఆయన కామర్సు ప్రొఫెసరు, నాలుగేళ్ళుగా ఇన్‌చార్జి.

"సార్, కెపాసిటీ బిల్డింగ్ అంటే బిల్డింగు కాదు కదండీ. మనుషుల సామర్థ్యం పెంచటం."

"నాకు తెలవదా అమ్మా? కానీ మంత్రిగారు సభలో అన్నాక అది బిల్డింగే. డిక్షనరీ కంటే మంత్రిగారు సీనియరు."

అయినా ఆయన పెద్దమనసుతో ఆవిడను మంత్రిగారి దగ్గరికి తీసుకెళ్ళారు. మంత్రిగారు అంతకంటే పెద్దమనసుతో, ఫోను పక్కన పెట్టి మరీ విన్నారు.

"ఏమ్మా, బిల్డింగు కాదంటన్నావంట?"

"శిక్షణ సార్. కెమికల్సు, పరికరాలు, మా లెక్చరర్లకు ట్రైనింగు. కెపాసిటీ పెంచటమంటే అదే సార్."

"ఎంతమందికి?"

"ముందు పదిమందికి చాలు సార్."

మంత్రిగారు నొచ్చుకున్నారు. "పదిమందా? మా గొడ్లచావిట్లోనే పదిహేను గేదెలుంటయ్ తల్లీ. పైదేశాలోళ్ళు నమ్మి ఇస్తే పదిమంది కెపాసిటీ ఏంది? పల్నాడు పరువేం గావాల? రాసుకోవయ్యా పున్నారావూ, ఐదొందలు!"

కాంట్రాక్టరు పున్నారావు రాసుకున్నాడు. ప్రపంచంలో ఏ యూనివర్సిటీ కూడా తన కెపాసిటీని ఒక్క మాటతో యాభై రెట్లు పెంచుకున్న దాఖలా లేదు.

చిక్కల్లా స్థలం దగ్గర వచ్చింది. సెంటరుకు ముప్పై ఎకరాల ఖాళీ ఉంది. కానీ సైన్సు ఈశాన్యంలోనే వృద్ధి చెందుతుందని సిద్ధాంతిగారు తేల్చారు. ఈశాన్యంలో కెమిస్ట్రీ ల్యాబు ఉంది.

ప్రొక్లెయినర్ వచ్చిన రోజు ఉదయం ఆరోగ్యమ్మ ల్యాబు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"లోపల పిల్లల ప్రయోగాలు సగంలో ఉన్నయ్. ఒక్క వారం ఆగండి."

"వారమాగితే మూఢం వస్తది మేడం," అంటూ పున్నారావు చేతులు జోడించాడు. "మీ సైన్సు కోసమేగా మేమీ ఎండలో మాడి చస్తంది!"

ఆవిడ మీటరును చంటిపిల్లలా చేతుల్లోకి తీసుకుని బయటికొచ్చింది. అటెండరు యల్లమంద గాజుసామాను గంపలో సర్దుతూ, "ల్యాబు కట్టేదానికి ల్యాబెందుకమ్మా కూలగొట్టేది?" అని అడిగాడు. 

క్లాసులు రెంటచింతల చర్చి వరండాలోకి మారాయి. ఫాదర్‌గారు రెండు బల్లలు, ఒక ప్లగ్గు ఇచ్చారు. ఉక్కపోతకు ఫ్యాను వేస్తే బర్నరు ఆరిపోయేది. ఫ్యాను ఆపితే పిల్లలు సోలిపోయేవారు. రోజూ బస్సులో అంత దూరం రాలేక ముగ్గురు మానేశారు. మిగిలిన ఐదుగురిలో అబిదా అనే అమ్మాయి మాత్రం మొదటి బస్సుకే దిగి, ఆవిడకంటే ముందు బల్లలు తుడిచేది. అలా అడుగున మిగిలిన కెమికల్సు చుక్క చుక్కా పొదుపుగా వాడి, ఇంకో ఊరు పూర్తి చేశారు.

ఇక్కడ పీజీ సెంటర్లో కెపాసిటీ బిల్డింగు లేచింది. కింద ఐదొందల కుర్చీల ఏసీ ఆడిటోరియం. మొదటి అంతస్తులో డైరెక్టరుగారి ఛాంబరు, ఆయన్ని కలవడానికి వచ్చేవాళ్ళు కూర్చునే ఛాంబరు, వాళ్ళు ఎక్కువైతే కూర్చునే ఛాంబరు. రెండో అంతస్తులో వీఐపీ సూట్లు. ల్యాబు ఏదని ఆరోగ్యమ్మ అడిగితే పున్నారావు ప్లాను విప్పి చూపించాడు. మేడమీద వాటర్ ట్యాంకు పక్కన చుక్కల గీతలతో ఒక డబ్బా ఉంది.

"చుక్కలంటే?"

"రాబోయే కాలం మేడం."

ప్రారంభోత్సవానికి పది రోజుల ముందు డైరెక్టరుగారు ఆవిడకు కబురు పెట్టారు. గ్రాంటిచ్చిన విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరమ్మ తనిఖీకి వస్తోంది. బిల్డింగులో జరిగిన పరిశోధన చూపమంటోంది.

"ఏదో ఒక రిజల్టు కావాలమ్మా. బిల్డింగు పేరు ఉండాల. ఒక అంకె ఉండాల. అంకె పెద్దదైతే మంచిది."

ఆరోగ్యమ్మకు ప్రాణం లేచొచ్చింది. బిల్డింగు కోసం వేసిన కొత్త బోరు నుంచి పక్క ఊరికి కూడా పైపులైను ఇస్తున్నారని ఆవిడ విని ఉంది. సీసా తెచ్చి ఆ నీళ్ళు పట్టుకుంది. అబిదా, ఆవిడా మూడుసార్లు పరీక్ష చేశారు. లీటరుకు ఐదు పాయింటు రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. ఒకటిన్నర దాటితే తాగకూడదు. "కెపాసిటీ బిల్డింగు బోరు నీరు, అనుమతించిన పరిమితికి మూడు రెట్ల పైన ఉంది. తాగటానికి పనికిరాదు" అని రాసి సంతకం చేసి ఇచ్చింది.

డైరెక్టరుగారు మొదటి వాక్యం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మూడు రెట్లా!" అన్నారు. కామర్సులో అలాంటి అంకె కోసం మనుషులు జీవితాలు ధారపోస్తారు. రెండో వాక్యం కాగితం మడతలో పడింది.

ప్రారంభోత్సవం రోజు విదేశీ ప్రొఫెసరమ్మ కారు దిగగానే "ల్యాబొరేటరీ?" అని అడిగింది. అది 'లావెటరీ' అని విన్న నాయకులు ఆవిణ్ణి హుటాహుటిన రెండో అంతస్తుకు తీసుకెళ్ళి, వీఐపీ సూటులో బాత్రూము తలుపు తీసి, గౌరవంగా పక్కకు తప్పుకున్నారు. ఆవిడ లోపలికి తొంగిచూసి, పుస్తకంలో ఏదో రాసుకుంది. అనుకూలంగానే రాసి ఉంటుందని డైరెక్టరుగారు పత్రికలవాళ్ళకు చెప్పారు.

సభ ఎండ నడినెత్తికొచ్చాక మొదలైంది. ఆడిటోరియంలో ఏసీకి కరెంటు చాలక బయట షామియానా వేశారు. మంత్రిగారు కాగితం పైకెత్తి చూపించారు.

"దేశమంతా నీళ్ళల్లో ఇది ఒకటిన్నర దాటకూడదని లిమిట్ పెట్టారు. మన బిల్డింగు బోరులో ఎంతొచ్చిందో తెలుసునా? ఐదు పాయింట్ రెండు! లిమిట్లు బద్దలుగొట్టటం పల్నాడోళ్ళకు కొత్త గాదని నిరూపించాం!"

ఈలలు మోగాయి. ఈ ఘనత సాధించిన ఆరోగ్యమ్మకు శాలువా కప్పారు. పళ్ళేల్లో గ్లాసులు పెట్టి జనానికి ఆ నీళ్ళే పంచుతున్నారు. ఆరోగ్యమ్మ శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, మంత్రిగారి చేతిలోంచి మైకు లాక్కున్నట్టే తీసుకుంది.

"ఈ నీళ్ళు తాగొద్దు. ఎవరూ తాగొద్దు!"

మంత్రిగారు ముప్పై ఏళ్ళుగా రాజకీయాల్లో ఉన్న మనిషి. నవ్వుతూ మైకు వెనక్కి తీసుకున్నారు.

"విన్నారుగా అమ్మగారి బాధ! ఎగబడి తాగొద్దు. మనిషికి ఒక్క గ్లాసే. అందరికీ అందాల!"

వరస కట్టించారు. ఆరోగ్యమ్మ వేదిక దిగి వరసలోకి నడిచింది. పైపులైను రాబోతున్న ఊరి వెంకమ్మ గ్లాసు పట్టుకుని ఉంది. పక్కన మనవరాలు, నవ్వితే పళ్ళమీద గోధుమరంగు గీతలు.

"ఏమే ఆరోగ్యమ్మా, నువ్వు తాగొద్దన్నావా, ఎక్కువ తాగొద్దన్నావా?"

"తాగొద్దన్నా పిన్నీ."

"మరి ఆయనట్టా అంటన్నాడే?"

"ఆయన ఈ నీళ్ళు పరీక్ష చెయ్యలా పిన్నీ. నేను మూడుసార్లు చేశా."

వెంకమ్మ ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, మనవరాలి చేతిలో గ్లాసు కూడా లాక్కుని, రెండూ కింద వంచింది. వెనకామె ఏమైందని అడిగి, తనూ వంచింది. ఆ వెనక ఇంకొకామె. వరస పొడుగునా నేల తడిసింది. ఆ ఎండకు తడిసినంతసేపు పట్టలేదు ఆరడానికి.

వేదిక మీద మంత్రిగారికి మాట్లాడి మాట్లాడి గొంతు ఎండింది. చెయ్యి చాపారు. డైరెక్టరుగారు సీలు తీసిన మినరల్ వాటర్ సీసా అందించారు.