పేరంటం ముఖం

సువర్చల పేరంటం ముఖం మంగళవారం పొద్దున ఎడమ చెంప దగ్గర చిరిగింది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, తలమీదుగా కొంగు లాక్కుని వార్డు ఆఫీసుకు వెళ్లింది. కూతురు హిమజకూ ముఖం తేవాలి. శుక్రవారం వోణీల ఫంక్షన్. ఆ ఊళ్లో వోణీతో పాటు ఆడపిల్లకు రెండో ముఖం తొడగడం ఆనవాయితీ. అది ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తుంది. "రండి వదినా, అలా చిక్కిపోయారేంటి?" అని వేళకు అంటుంది.

గుమాస్తా కామేశ్వరి ముఖాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"దీంతో అంట్లుగానీ తోమారా తల్లీ?"

"రోజూ పెట్టుకునేదే కదండీ. లేచింది మొదలు పడుకునేదాకా. అందరూ అంతేగా?"

కామేశ్వరి కళ్లజోడు తీసింది. "పేరంటానికి పెట్టుకుని, ఇంటికి రాగానే మేకుకు తగిలించేస్తామమ్మా. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. కుక్కర్ కూతకు చెవులు మూసుకోకుండా ఉండటానికి, జరీ గుచ్చుకుంటున్నా గోక్కోకుండా నవ్వడానికి అందరూ తనంత అవస్థా పడుతున్నారనీ, తనకే ఒళ్లు వంగదనీ ఇన్నేళ్లూ అనుకుంది.

అతికించడానికీ, కొత్తది ఇవ్వడానికీ నిబంధనలు ఒప్పుకోవు. హిమజ ముఖం మాత్రం కవర్లో పెట్టి ఇచ్చారు. దారిపొడుగునా అది సంచిలోంచి "రండి వదినా" అంటూనే ఉంది.

అత్తగారు వరహాలమ్మ తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అంది.

నేలమీద బొత్తాలు రంగుల వారీగా పేరుస్తున్న హిమజ తలెత్తింది. ఎవరి కళ్లలోకీ చూడని పిల్ల, తల్లిని తేరిపార చూసింది.

"అమ్మే నానమ్మా. నిద్రపోయేటప్పటి అమ్మ."

సువర్చల గుమ్మంలోనే నిలబడి, "అత్తయ్యగారూ, దీనికి ముఖం తొడగొద్దండీ" అంది.

"ఊరు ఊరుకుంటుందా?"

"ఊరుకోదండీ."

వరహాలమ్మ కవరు వంక చూసింది.

"తిరిగిచ్చెయ్. నాదీ రోజంతా పెట్టుకున్నదేనే. మా అత్తగారు పోయాక తీసేద్దామనుకున్నాను. పనుల్లో పడి మర్చేపోయాను."

పీట వేసుకుని కూర్చుంది. హిమజ ఆవిడ చెవుల వెనక, గడ్డం కింద గోటితో ముఖం అంచు వెతికింది. ఎక్కడా దొరకలేదు.

"ఇంక వదిలెయ్యవే, అన్నం చల్లారిపోతోంది" అంది వరహాలమ్మ. ముఖం అలవాటు కొద్దీ నవ్వింది.

హిమజ వదల్లేదు. ఒక పని పట్టుకుంటే వదలదని ఇంట్లో ఆ పిల్లమీద ఎప్పట్నుంచో ఫిర్యాదు.