బంగారయ్య పోనాడు

ఆ ఆదివారం పొద్దున్న కూర్మయ్య పెట్టుకున్న పని ఒక్కటే. బలవర్ధిని పొడి ఏజెంటు వస్తాడు. వాడి దగ్గర డబ్బా ఊరికే పుచ్చుకోవాలి, తర్వాత పైసా కట్టకుండా తప్పించుకోవాలి.

దీనికంతటికీ కారణం గవరయ్య. ఇద్దరూ కలకత్తా ఓడరేవులో ఒకే డాక్‌లో బస్తాలు మోశారు, అక్కడే వాట్‌గంజ్‌లో ఒకే వరండాలో పక్కపక్కనే ఉంటున్నారు, ఒకేలా వంగిపోయారు. అలాంటిది ఈమధ్య గవరయ్య నిటారుగా నడుస్తున్నాడు. అతని కిటికీలో బలవర్ధిని డబ్బా కనిపిస్తోంది.

"గవరయ్య అన్నయ్యని సూడు, పెళ్లికొడుకులాగున్నాడు. నువ్వూ ఉన్నావు, కొక్కెంలాగ" అంది కూర్మయ్య భార్య దాలమ్మ. ఆ మాట విన్న దగ్గర్నుంచి కూర్మయ్యకు అన్నం దిగడం లేదు.

ఏజెంటు మృత్యుంజయ ఖరగ్‌పూర్ తెలుగువాడు. "మొదటి డబ్బా ఉచితం దాదా. నెలలోపు వద్దని చెప్పకపోతే కావాలన్నట్టే. ఆపైన నెలనెలా డబ్బా వస్తుంది, బిల్లూ వస్తుంది. పేరు చెప్పండి" అన్నాడు.

"బంగారయ్య" అన్నాడు కూర్మయ్య, ముందే అనుకున్నట్టు. లేని మనిషికి బిల్లు ఎవడిస్తాడని అతని ధీమా.

ఆ పొడి సుద్దలా ఉంది. దాలమ్మకు తెలియకుండా డబ్బా అంతా తిన్నాడు. నడుం మాత్రం ఉన్నచోటే ఉంది.

నెల తిరిగింది. దాలమ్మ బజారుకు వెళ్లిన సమయంలో, మొహం నిండా సబ్బు నురగతో కూర్మయ్య గడ్డం గీసుకుంటుంటే మృత్యుంజయ రెండో డబ్బాతో గుమ్మంలోకి వచ్చాడు. నురగలో మనిషిని పోల్చుకోలేదు.

"బంగారయ్యగారు ఉన్నారా?"

"బంగారయ్య పోనాడు" అన్నాడు కూర్మయ్య. ఊరు వెళ్లిపోయాడని అతని ఉద్దేశం.

మృత్యుంజయ మొహం పాలిపోయింది. "అయ్యో. మా పొడి తినడం మొదలెట్టాకా?"

ఇదేదో ఇంకా బాగుందనిపించింది కూర్మయ్యకు. "తిన్నాకే" అన్నాడు.

మృత్యుంజయ డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. కింద టీ కొట్లో చెమట తుడుచుకుంటూ సంగతి చెప్పాడు. సాయంత్రానికి పొడి తిని మనిషి పోయాడన్న కబురు వీధంతా పాకింది.

"బంగారయ్య ఎవుడు? ఆ పేరోడు మనోళ్లలో లేడే" అంది దాలమ్మ.

"మావైపు దూరపు సుట్టంలే."

ఇక గవరయ్య నీరుగారిపోతాడని కూర్మయ్య ఎదురుచూశాడు. జరిగింది వేరు. అదే పొడి తిన్న మనిషని ఆడవాళ్లందరూ గవరయ్యను మంచం మీద పడుకోబెట్టారు. ఒకరు గంజి, ఒకరు కషాయం. దాలమ్మ ఇంట్లో ఉన్న చేపల పులుసు గిన్నెతో సహా పట్టుకెళ్లింది. కూర్మయ్య ఆ పూట పచ్చడి మెతుకులు తిన్నాడు.

మర్నాడు యూనియన్ నాయకుడు శ్యామసుందర్ ఎర్రజెండాలతో వచ్చాడు. పేదవాడి ప్రాణం తీసిన కంపెనీని వదలకూడదన్నాడు. చుట్టం కాబట్టి కూర్మయ్య ముందు నడవాలన్నాడు. కాదనడానికి అతనికి దారి దొరకలేదు. "బంగారయ్య అమర్ రహే" అని అరుస్తూ ఊరేగింపు కంపెనీ ఆఫీసు చేరింది.

మేనేజరు చేతులు జోడించుకుని బయటికి వచ్చాడు. పక్కనే ఉన్న మృత్యుంజయ, నున్నగా గడ్డం గీసుకుని ముందు నిలబడ్డ కూర్మయ్యను తేరిపార చూశాడు.

"సార్, బంగారయ్య ఈయనే. డబ్బా నా చేతుల మీదుగా తీసుకున్నాడు."

జెండాలు ఒక్కొక్కటిగా దిగాయి. శ్యామసుందర్ కూర్మయ్య వైపు చూసిన చూపుకు వీధి చివరి కుక్క కూడా పక్కకు జరిగేది. నెలలోపు వద్దని చెప్పనందుకు కూర్మయ్య అందరి ముందూ రెండో డబ్బా డబ్బు కట్టి, ఇక పంపవద్దని అసలు పేరుతో రాసిచ్చాడు.

ప్రాణం కుదుటపడ్డ మేనేజరు చూపు, మంచం దిగి గుంపుతో వచ్చిన గవరయ్య మీద పడింది. అతనూ ఆ పొడి తిన్నవాడేనని ఎవరో అన్నారు. అంత తోపులాటలోనూ స్తంభంలా నిలబడి ఉన్నాడు. "మా పొడి తిన్నవాడు ఇలా ఉంటాడు" అని అప్పటికప్పుడు ఫొటో తీయించాడు.

తిరిగొస్తుంటే కూర్మయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఆ పొడి నీకెలా పనిసేసింది బావా?"

"నాను తింటే గదా. ఒక్క సెంచా నోట్లో ఏసుకుని ఉమ్మేశాను. ఇంక పంపొద్దని ఆ రోజే రాసిచ్చేశాను" అన్నాడు గవరయ్య. "డాక్ ఆసుపత్రిలో నడుంకి పట్టీ కట్టారు. వొంగుదామన్నా వొంగలేను."

"మరి తినలేదని మా దాలమ్మకి సెప్పొచ్చు గదా?"

"సెప్తే పులుసు ఆగిపోద్ది గదా బావా."

దసరా పూజలనాటికి వాట్‌గంజ్ గోడలన్నిటి మీదా గవరయ్య బొమ్మ వెలిసింది. వీధిలోకి వెళ్లినప్పుడల్లా దాలమ్మ దాని ముందు కాసేపు ఆగుతోంది.

కూర్మయ్య డాక్ ఆసుపత్రికి వెళ్లి తనకూ నడుం పట్టీ కట్టమన్నాడు. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగితే, పక్కింట్లో అన్నాడు.