ఆకుపచ్చ వృత్తంలోకి చూడండి

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, ఆ తర్వాత చాలాకాలం ఊరికే కూర్చుని, చివరికి చూపు లేనివారి కోసం కంటిచూపుతో తెరుచుకునే గ్రంథాలయాన్ని కనిపెట్టింది. ఈ మూడో ఘనకార్యం ఫలాలను మొదట అందుకున్న అదృష్టవంతుల్లో ఆపరేటర్ గారు ఒకరు.

ఆపరేటర్ గారికి పుట్టుకతోనే చూపు లేదు. పెద్దాసుపత్రి టెలిఫోన్ బోర్డు దగ్గర ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యారు. అవతలి మనిషి గొంతు సవరించుకోవడం వింటే చాలు, ఏ వార్డు డాక్టరో చెప్పేవారు. ఇప్పుడు అక్కయ్యతో కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. అక్కయ్యకి చూపు చక్కగా ఉంది, చదువూ ఉంది. వచ్చిన చిక్కల్లా ఆమె మంచితనమే. తమ్ముడి మనసు నొచ్చుకునే సంగతేదీ ఆమె నోటి గుండా బయటికి రాదు. ఆమె చదివితే నవల్లో తాగుబోతు మంచినీళ్లు తాగుతాడు, లేచిపోయిన పిల్ల పిన్ని గారింటికి వెళుతుంది, చావవలసిన వాళ్లకి జ్వరం తగ్గిపోతుంది.

అందుకని ఆపరేటర్ గారికి మాట్లాడే పుస్తకాలంటే ప్రాణం. రచయిత చంపినవాణ్ణి చచ్చినవాడిగానే వినాలన్నది ఆయన జీవితంలో మిగిలిన ఏకైక కోరిక. గ్రంథాలయం వారు ఇటుకంత యంత్రం ఒకటి ఇచ్చారు. దానికి ఐదు మీటలు. నొక్కితే చదివేది, మళ్లీ నొక్కితే ఆగేది. ఇంత వెనకబడిన పద్ధతి ఎక్కువ కాలం సాగదు కదా. ఓ నవల ఇరవై రెండు అధ్యాయాలు నడిచి, మిల్లుకి నిప్పుపెట్టిందెవరో ఇరవై మూడో అధ్యాయంలో తేలబోతుండగా ఒక ఉద్యోగి వచ్చి యంత్రాన్ని పట్టుకుపోయాడు.

"ఇక మీరూ అందరిలాగే మామూలు ఫోన్లో వినొచ్చు సార్. ఇవాళ్టి నుంచి అందరూ సమానమే" అన్నాడు. (చదివి సంతకం చేయమని ఒక కాగితం కూడా ఇచ్చాడు. ఆపరేటర్ గారు సంతకం మాత్రం చేశారు.)

ఫోను తెర మీద వేలు పెడితే అక్కడేముందో పైకి చదువుతుంది. గ్రంథాలయం వారి యాప్‌లో వేలు పెట్టగానే "బటన్" అంది. పక్కన పెడితే "బటన్" అంది. ఆ కిందిది "పేరు లేని బటన్" అంది. (ఉన్న వాటిలో అదే కాస్త నిజాయితీ గలది.) పాత బోర్డులో మూడు వందల లైన్లు తడిమి గుర్తుపట్టిన మనిషికి ఇదొక లెక్కా? రెండు రోజుల్లో ఏ వరుసలో ఎన్నోది ఏం చేస్తుందో కంఠతా పట్టేశారు. అప్పుడు అసలు గుమ్మం వచ్చింది. పాఠకుడు తానేనని రుజువు చేసుకోవడానికి ఆకుపచ్చ వృత్తంలోకి మూడు సెకన్లు సూటిగా చూడాలి.

నలభై ఒక్కసార్లు ప్రయత్నించి సహాయ కేంద్రానికి ఫోన్ చేశారు.

"మీరు వృత్తంలోకి చూడట్లేదండీ" అంది అక్కడి అమ్మాయి.

"నాకు కనపడదమ్మా."

"తెలుసండీ, అందుకే కదా ఈ యాప్. ఆకుపచ్చగా ఉన్న వైపు కాస్త చూడండి, చాలు."

ఆపరేటర్ గారు ఓడిపోయే రకం కాదు. ఫోనుని రేడియోకి ఆనబెట్టి, రెండు దిండ్ల మీద గడ్డం ఆనించి కూర్చునేవారు. అక్కయ్య పక్కనుంచి "కుడికి... అంత కాదురా, గింజంత" అంటూ కొలత పెట్టేది. పదకొండు రోజులు సాధన చేశారు. పన్నెండో రోజు పొద్దున ఫోను "చూపు సరిగా ఉంది, ధన్యవాదాలు" అంది. ఇరవై మూడో అధ్యాయం మొదలైంది. "ఆ ఉదయం మిల్లు దగ్గర ఎవరూ మాట్లాడలేదు" అన్న వాక్యం దాకా వచ్చి ఆగిపోయింది.

వారానికి ఉత్తరం వచ్చింది. అక్కయ్య ఏనాడూ లేనిది ఒక్క ముక్కయినా వదలకుండా చదివింది. అందులో ఆమె దాచవలసిందేమీ లేదు, అన్నీ శుభాకాంక్షలే. చూపు వచ్చినందుకు గ్రంథాలయ శాఖ ఆయన్ని అభినందిస్తూ, అంధ పాఠకుల జాబితా నుంచి ఆ పన్నెండో రోజు పొద్దునే పేరు తీసేసింది.

ఆపరేటర్ గారు అక్కయ్యని వెంటబెట్టుకుని అర్హతల పునఃపరిశీలనాధికారి గదికి వెళ్లారు. అధికారి మర్యాదస్తుడు. కుర్చీ తనే జరిపాడు.

"ఆ రోజు పొద్దున మీరు సూటిగా చూశారండి. రికార్డుంది."

"దిండ్ల మీద గడ్డం పెడితే మా అక్క సర్దిందండి."

"ఎలా చూశారన్నది మా పరిధిలోకి రాదు. చూశారు."

"చూడకపోతే?"

"మీరు మీరేనని తేలదు. తేలనివారికి పుస్తకం ఇవ్వలేం."

"చూస్తే?"

"చూసేవారికి ఈ విభాగం వర్తించదు."

"మరి ఈ యాప్‌లో ఎవరైనా పుస్తకం విన్నారాండీ?" అన్నారు ఆపరేటర్ గారు.

"ఈ ఏడాది ఇంకా లేదండి" అన్నాడు అధికారి తృప్తిగా. "ఫిర్యాదులు కూడా పూర్తిగా తగ్గిపోయాయి."

ఆపరేటర్ గారికి కోపం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. పదకొండు రోజులు దిండ్ల మీద గడ్డం పెట్టుకుని తన మీద తనే సాక్ష్యం తయారు చేసుకున్నారు. అధికారి మాత్రం ఆయన్ని ఉత్త చేతులతో పంపలేదు. మామూలు పాఠకుల విభాగం నుంచి అదే నవల అచ్చుప్రతి తెప్పించి చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక ఆపరేటర్ గారు చివరి పేజీలు వేళ్లతో కాసేపు తడిమి, పుస్తకం అక్కయ్యకిచ్చారు. "ఉన్నది ఉన్నట్టు చదువక్కా" అన్నారు. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, ఒకసారి ముక్కు తుడుచుకుంది. ఆమె చదివిన ప్రకారం మిల్లుకి ఎవరూ నిప్పు పెట్టలేదు. ఏదో రవ్వ పడిందట. ఎవరికీ ఏమీ కాలేదట. తగువులాడుకున్న మిల్లు అన్నదమ్ములు కలిసిపోయారట.

"పుస్తకంలో అలాగే ఉందా?"

"నీకు నేనెందుకురా అబద్ధం చెబుతాను?" అంది అక్కయ్య, పుస్తకం ఆయన ఒళ్లో పెడుతూ.

అనుమానముంటే చూసుకోవడానికి ఇప్పుడు ఆయనకి అధికారికంగా ఏ అడ్డంకీ లేదు.