తేలిక గాలాల సంఘం

ఒక పెద్ద అడవిలో ఒక మడుగు, ఆ మడుగు మీద బతికే జంతువులకి ఒక చేపల సంఘం ఉండేవి. సంఘం పెద్దల్లో చేపలు తినేవాళ్ళెవరూ ఉండకూడదని నియమం. తినేవాళ్ళని పెడితే తినేస్తారని భయం. అందుకని ఏనుగు అధ్యక్షుడయ్యాడు, కుందేలు కార్యదర్శి అయ్యాడు. ఇద్దరూ పుట్టి బుద్ధెరిగి చేప రుచి చూసినవాళ్ళు కాదు.

ఆ ఏడు సంఘం కొత్త గాలపు కర్రలు తెప్పించింది. లోపల బోలు రెల్లు కాడ, పైన ఎర్రటి లక్క పూత. పాత వెదురు కర్ర అప్పగించినవాళ్ళకే కొత్తది ఇస్తామన్నారు.

పరీక్ష గట్టు మీదే జరిగింది. ఏనుగు ఒక కర్రని తొండంతో ఎత్తి గాల్లో తిప్పాడు.

“అబ్బ, ఎంత తేలిక. పట్టుకున్నట్టే లేదు.”

“నా చెవి దీనికంటే బరువండి,” అన్నాడు కుందేలు.

ముగ్గురు పిల్లల తల్లి బావురుపిల్లి అడిగింది: “చేపని లాగి చూశారా అండీ?”

“చేప ఎందుకమ్మా? మేం పరీక్షించేది కర్రని,” అన్నాడు కుందేలు.

మర్నాడు బావురుపిల్లి గాలం వేసింది. పెద్ద బొచ్చె చేప తగులుకుంది. కర్ర విల్లులా వంగింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తర్వాత ఫట్‌మని విరిగింది. చేప గాలంతో సహా పోయింది. సాయంత్రానికి మడుగు ఒడ్డంతా ఎర్రటి ముక్కలే. పిల్లలు పస్తు పడుకున్నారు.

తెల్లారగానే ఆవిడ ముక్కల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని సంఘానికి వెళ్ళింది.

కుందేలు ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “దీనికి నీళ్ళు తగిలినట్టున్నాయే.”

“గాలం అండీ. నీళ్ళలోనే వేస్తాం.”

“చేప కూడా తగిలిందా?”

“బొచ్చె.”

“అదీ సంగతి. తేలిక కర్రతో తేలిక చేపల్ని పట్టాలమ్మా.”

“ఈలోగా నా పిల్లలు తేలికైపోతారు. నా వెదురు కర్ర నాకిచ్చేయండి.”

ఏనుగు మొహం పక్కకి తిప్పుకున్నాడు. దవడలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. నోట్లోంచి వెదురు ముక్క ఒకటి జారి పడింది. దానికి గాలం తాడు ఇంకా వేలాడుతోంది.

“నిల్వ ఉంచితే పుచ్చిపోతాయి కదమ్మా,” అన్నాడు.

పిల్లలు ముగ్గురూ వెళ్ళి కుందేలు చుట్టూ కూర్చున్నారు.

“వీళ్ళు నన్నే చూస్తున్నారేంటమ్మా?”

“ఏం లేదండీ. చేపలు దొరకని రోజుల్లో మా అమ్మ మాకేం పెట్టేదో దారిలో చెప్పాను.”

పెద్దపిల్ల కుందేల్ని ఎగాదిగా చూసింది. “అమ్మా, ఈయన తేలికేనా?”

“తేలికే తల్లీ. కర్ర కూడా అక్కర్లేదు.”

కుందేలు ఒక్క గెంతున బల్ల ఎక్కి అత్యవసర సమావేశం మొదలుపెట్టాడు. తనే తీర్మానం చదివాడు, తనే బలపరిచాడు. ఏనుగు వెంటనే కొండకి వెళ్ళి ముదురు వెదుళ్ళు మోసుకురావాలి. దారిలో తినకూడదు.

“ఎంత బరువుండాలి?” అని అడిగాడు ఏనుగు.

“చేపని ఆపేంత,” అన్నాడు కుందేలు, బల్ల దిగకుండానే.

పొద్దు వాలకముందే వెదుళ్ళొచ్చాయి, బొచ్చె కూడా ఒడ్డుకొచ్చింది. పిల్లలు కడుపునిండా తిని కుందేలు వైపు చూడడం మానేశారు, చిన్నది తప్ప.

నీతి: చేపల సంఘానికి ఎప్పుడూ గడ్డి తినేవాళ్ళనే పెద్దలుగా పెట్టుకోవాలి, చేపలు దొరకనప్పుడు వాళ్ళైనా దొరుకుతారు.