ఫిర్యాదుల్లేని నగరం

"ఈ సాయంత్రం నాలుగింటికి మనది ఫిర్యాదుల్లేని నగరం!" అని నీళ్ల మంత్రిగారు పొద్దున్నే ప్రకటించేశారు. కుళాయికి కరువొచ్చినా ఆయన కులాసాకు కరువు రాదు. కరువల్లా కమిషనర్‌కే. ఫిర్యాదుల గదిలో బోర్డు మీద రెండువందల యాభై అయిదు వెలుగుతోంది. నాలుగింటికి అక్కడ సున్నా కనబడకపోతే తన కుర్చీ కనబడదు.

"కుళాయిలు బాగుచేయిద్దామా సార్?" అన్నాడు, కంగారులో నోరుజారి.

"అంత టైమెక్కడిదయ్యా!"

కంప్యూటర్ ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "సార్, చౌకలో కొన్న మిషను. లెక్కకి ఎనిమిదే స్విచ్చులు. స్విచ్చు పెరిగినకొద్దీ రెట్టింపు. రెండు, నాలుగు, ఎనిమిది... అలా రెండు ఎనిమిదో ఘాతం, రెండువందల యాభై ఆరు అంకెలు పడతాయి. సున్నా కూడా అందులోదే కాబట్టి రెండువందల యాభై అయిదుతో ఆఖరు. ఇంకొక్కటి పడిందా, అన్నీ ఆరిపోయి మళ్లీ సున్నా!"

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ఒక్క ఫిర్యాదా! ప్రజల్ని ఎంత అపార్థం చేసుకున్నామయ్యా!"

ఒక్క ఫిర్యాదు చేయించమని వెంటనే పార్టీకి కబురెళ్లింది. పార్టీలో వర్గాలు రెండు. పుణ్యం అవతలివాళ్లకి దక్కుతుందేమోనని రెండూ ఫోన్ చేశాయి. బోర్డు సున్నా మీద రెప్పపాటు నిలబడి ఒకటిలోకి గెంతింది.

"ఆ ఒక్కటీ తగ్గించవయ్యా!"

"తగ్గదు సార్. తగ్గించే ఏర్పాటు టెండర్లో మనం అడగలేదు. ఇంకో రెండువందల యాభై అయిదు పడాల్సిందే."

"ఘాతం కాదయ్యా ఇది, ఘాతుకం! జనం ఫిర్యాదు చేయరా?"

"అలవాటుపడిపోయారు సార్."

"అలవాటు లేనివాళ్లెక్కడున్నారు?"

కమిషనర్ కిటికీలోంచి బయటకు చూశాడు. "ఆఫీసర్ల కాలనీలో సార్," అన్నాడు ఇంజినీరు, ఆ కాలనీలో క్వార్టరు దొరకనివాడు.

కాలనీకి నీళ్లాపే ఆర్డరు మీద కమిషనరే సంతకం పెట్టాడు. చదువుకున్న కాలనీ, క్షణాల్లో స్పందించింది. ఫోన్లు మోతెక్కిపోయాయి. బోర్డు పరుగెత్తి పరుగెత్తి రెండువందల యాభై అయిదు దగ్గర చతికిలబడింది. నాలుగవుతోంది. కెమెరాలొచ్చేశాయి. ఫోన్ మాత్రం మోగదు.

మోగింది. ఆపరేటర్ స్పీకర్ నొక్కింది.

"ఏమండీ, అక్కడే తగలడ్డారా? తలంతా షాంపూ, కళ్లు మండిపోతున్నాయి! నీళ్లాపిన దరిద్రుడెవడండీ?"

"వాణ్ణి తర్వాత తిడుదువుగాని," కమిషనర్ ఫోన్ ముందు చేతులు జోడించాడు. "ముందు ఫిర్యాదు రాయించవే, నీకు పుణ్యముంటుంది!"

రాయించింది. సున్నా! చప్పట్లు, ఫ్లాష్‌లు. మంత్రిగారు కమిషనర్‌ని కావలించుకున్నారు.

"రాయించాను కదా, నీళ్లెప్పుడొస్తాయి?" స్పీకర్ అరుస్తూనే ఉంది.

మంత్రిగారు కౌగిలి వదలకుండానే కమిషనర్ కళ్లలోకి చూశారు. కెమెరాలన్నీ అతని వైపు తిరిగాయి.

"మేడమ్," అన్నాడు కమిషనర్, "ఈ నగరంలో ఫిర్యాదులేవీ లేవండీ."